వలస వచ్చిన రొట్టె

క్రిందటి ఉగాది విందులో ఒక చిన్న సంగతి జరిగింది. పెద్దలకు పులిహోర, మామిడికాయ పప్పు, బొబ్బట్లు వడ్డించారు. పిల్లల కోసం పక్క బల్ల మీద పిజ్జా పెట్టెలు పేర్చారు. కొడుకును చూడడానికి ఆంధ్ర నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ పెట్టెల వంక చూసి, "పండగ పూట కూడా మనది కాని తిండేనా అమ్మా?" అన్నారు. నేను జవాబు వెతుక్కునే లోపలే ఎనిమిదేళ్ల మా అబ్బాయి, "మరి పిజ్జా ఎవరిది తాతగారూ?" అని అడిగాడు. "ఇటలీ వాళ్లది నాయనా" అన్నారాయన. అంతటితో ఆ సంభాషణ ముగిసింది.

నాకు మాత్రం ముగియలేదు. ఎందుకంటే ఆ ముందు వారమే మావాడు బడికి పట్టుకెళ్లిన పులిహోర డబ్బా మూత తీయకుండా ఇంటికి తెచ్చాడు. ఇంగువ వాసనకు పక్క పిల్లలు ముక్కు మూసుకున్నారట. మర్నాటి నుంచి జామ్ రాసిన బ్రెడ్డే కావాలన్నాడు. పండగ నాడు మనది కానిది తింటున్నామని పెద్దాయన బాధ. బడిలో మనది తినలేకపోతున్నానని చిన్నవాడి బాధ. ఈ రెండు బాధలకూ ఆ అట్టపెట్టెలోని రొట్టె చరిత్రలోనే ఏదైనా సమాధానం ఉంటుందేమోనని తోచింది. ఆసుపత్రి పని నుంచి తీరిక దొరికినప్పుడల్లా చదివి, పక్కింటివారిని అడిగి, వంటింట్లో చేతులు కాల్చుకుని తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. నేను వైద్యురాలినే గాని చరిత్రకారిణిని కాను. పొరపాట్లుంటే పెద్దలు మన్నించాలి.

ముందుగా పేరు సంగతి. ఇటలీలో రోముకు, నేపుల్స్‌కు నడుమ సముద్రపు ఒడ్డున గయేటా అనే ఊరుంది. క్రీ.శ. 997 నాటి ఆ ఊరి దస్తావేజు ఒకదానిలో, ఒక కౌలుదారు క్రిస్మస్‌కూ ఈస్టరుకూ బిషప్పుగారికి 12 పిజ్జాలు చెల్లించాలని రాసి ఉంది. మన పల్లెల్లో రైతు కామందు ఇంటికి పండగకు గుమ్మడికాయ, నేతి చెంబు పంపడం లాంటిదన్నమాట. అయితే ఆ పిజ్జా వేరు, ఇవాళ మనం తినేది వేరు. అప్పటికి ఇటలీలో టొమాటో లేదు. టొమాటో పుట్టిల్లు అమెరికా ఖండం. స్పెయిన్ వారి ఓడల్లో పదహారో శతాబ్దంలో యూరపుకు వచ్చింది. వచ్చాక కూడా విషపు కాయేమోనని చాలామంది చాలాకాలం దాన్ని నోట పెట్టలేదు. నేపుల్స్‌లో టొమాటో పచ్చడి వంటిదాన్ని వంటల పుస్తకానికి ఎక్కించింది 1690లలో.

ఇది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ టొమాటోను 'రామములక్కాయ' అనేది. తద్దినం వంటలో ఇప్పటికీ చాలా ఇళ్లలో టొమాటో, క్యాబేజీ, బంగాళాదుంప వేయరు. మిరపకాయ కూడా వేయకుండా మిరియాలతో సరిపెడతారు. ఇవి మనవి కావని పితృదేవతల విస్తరికి ఇంకా గుర్తుందన్నమాట! మిగతా 364 రోజులూ మనకు గుర్తులేదు. గుంటూరు మిరప, మదనపల్లె టొమాటో లేని ఆంధ్రుల భోజనాన్ని ఊహించగలమా? నేపుల్స్‌కు టొమాటో ఎంత పరాయిదో, గుంటూరుకు మిరప అంత పరాయిది. రెండూ ఒకే ఖండం నుంచి, ఒకే కాలపు ఓడల వల్ల వచ్చినవే.

ఇక పైన వేసే మొజరెల్లా. దీన్ని మేలురకంగా చేసేది గేదె పాలతో. నేపుల్స్ చుట్టుపక్కల పల్లపు నేలల్లో గేదెల మందలున్నాయి. పాడిగేదెను మొదట మచ్చిక చేసినది మన ఉపఖండంలోనేనని శాస్త్రజ్ఞులు చెబుతారు. అక్కడి గేదె మన గేదెకు దూరపు చుట్టం. చీజ్‌ను తెలుగులో 'జున్ను' అని అనువదిస్తుంటారు గాని, మనకు జున్నంటే ముర్రుపాలతో చేసేదే. ఈ రెంటికీ పోలిక లేదు. కాబట్టి చీజ్‌ను చీజ్ అనే అంటాను. చెప్పొచ్చేదేమంటే, ఇటలీ వాళ్లదని మనం అనుకునే పిజ్జాలో టొమాటో అమెరికాది, గేదె ఆసియాది. ఇటలీది అనదగినది వాటిని కలిపిన చెయ్యి.

ఆ చెయ్యి పేదవాడిది. పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల నేపుల్స్ యూరపులోని పెద్ద నగరాలలో ఒకటి, అత్యంత కిక్కిరిసిన వాటిలో ఒకటి. కూలీలు, పడవవాళ్లు, చాకలివాళ్లు నేలకు ఆనుకున్న ఒంటిగది కొంపల్లో కుటుంబాలతో బతికేవారు. ఆ గదుల్లో వంటకే చోటు లేదు, ఇక రొట్టె కాల్చే పొయ్యి ఎక్కడ? అందుకని వీధిలో కొనుక్కు తినేవారు. పిజ్జా అమ్మే కుర్రవాడు రాగి డబ్బా నెత్తిన పెట్టుకుని సందుల్లో తిరిగేవాడు. ఉన్న డబ్బులకు తగినంత ముక్క కోసి ఇచ్చేవాడు. పైపై మెరుగులకు నూనె, వెల్లుల్లి, ఉప్పు, చిన్న చేపలు, ఉంటే చీజ్, తర్వాత టొమాటో. పూటకూళ్లమ్మ ఇంటికి కూడా పోలేనివాడి భోజనం అది.

దాన్ని చూసిన పెద్దమనుషులు ఏమన్నారో వినండి. టెలిగ్రాఫు పేరుతో మనకు తెలిసిన శామ్యూల్ మోర్స్ 1831లో నేపుల్స్ వెళ్లి పిజ్జాను చూసి కడుపులో తిప్పే వస్తువన్నట్టు రాశాడు. పరదేశి కాబట్టి అన్నాడనుకుందాం. పినోకియో కథ రాసిన కొల్లోడి ఇటలీవాడే, ఉత్తరాదివాడు. ఆయన కూడా 1886లో పిల్లల కోసం రాసిన పుస్తకంలో పిజ్జాను మురికికి మారుపేరుగా వర్ణించాడు. నేపుల్స్ రచయిత్రి మతిల్దె సెరావో 1884లో ఇంకో ముచ్చట రాసింది. ఒక వ్యాపారి రోములో నేపుల్స్ పిజ్జా దుకాణం తెరిచాడట. మొదట్లో జనం ఎగబడ్డారట, తరువాత ఆ దుకాణం దిక్కులేకుండా పోయిందట. రోముకు, నేపుల్స్‌కు మధ్య దూరం సుమారు 200 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి సూర్యాపేట దాటి ఇంకొంచెం ముందుకు పోయినంత. ఆ మాత్రం దూరం కూడా దాటలేని రొట్టె భూగోళమంతా ఎలా పాకింది?

ఈ ప్రశ్నకు సాధారణంగా చెప్పే సమాధానం మహారాణి కథ. 1889 జూన్‌లో రాణి మార్గరీటా నేపుల్స్‌కు వచ్చింది, రఫాయెలె ఎస్పోజితో అనే పిజ్జా పనివాడు టొమాటో ఎరుపు, మొజరెల్లా తెలుపు, తులసి జాతి ఆకు పచ్చదనంతో ఇటలీ జెండా రంగుల్లో పిజ్జా చేసిపెట్టాడు, రాణిగారు మెచ్చారు, దానికి ఆవిడ పేరే వచ్చింది, అని. ఆ మెప్పుకోలు ఉత్తరం నేపుల్స్‌లోని దుకాణం గోడ మీద ఉంది. అయితే ఉత్తరంలోని ముద్ర, చేతిరాత మీద చరిత్రకారులు ఈమధ్య అనుమానాలు లేవనెత్తారు. ఆ మూడింటినీ కలిపి పిజ్జా చేయడం అంతకు ముందే ఉందని కూడా తేల్చారు. కథ అందమైనదే, నమ్మకం మీ ఇష్టం.

వైద్యురాలిగా నాకు ఆ కథ కంటే దాని వెనక ఉన్నది ముఖ్యమనిపించింది. 1884లో నేపుల్స్‌కు కలరా వచ్చింది. కొన్ని వారాలలోనే నగరంలో సుమారు 7,000 మంది పోయారు. చచ్చినవారిలో ఎక్కువ మంది ఆ ఒంటిగది కొంపలవారే, అంటే పిజ్జా తినేవారే. విచిత్రమేమంటే అదే సంవత్సరం మొదట్లో రాబర్ట్ కాక్ మన కలకత్తాలో ఉండి, అక్కడి చెరువు నీళ్లలోను రోగుల పేగుల్లోను కలరా క్రిమిని గుర్తించాడు. జబ్బు నీటి వల్ల వస్తుందన్న సంగతి స్థిరపడుతున్న రోజులవి. 1885లో సెరీనో కొండల నుంచి నేపుల్స్‌కు మంచినీటి కాలువ తెచ్చారు. సందులు పడగొట్టి నగరాన్ని బాగుచేసే చట్టం కూడా ఆ ఏడే చేశారు. నాలుగేళ్ల తర్వాత రాణిగారు నేపుల్స్ తిండిని మెచ్చిందన్న కథ పుట్టింది. ఊరు ఇక భయపడవలసినది కాదని దేశానికి చాటే కథ అది. అంటరానిదనుకున్న తిండి మర్యాద పొందాలంటే మొదట కావలసినది రాణిగారి మెప్పు కాదు, శుభ్రమైన నీళ్లు.

అయినా అప్పటికి కూడా పిజ్జా ఊరు దాటలేదు. దాటించింది వలస. 1880ల నుంచి దక్షిణ ఇటలీ పల్లెలు లక్షల సంఖ్యలో ఖాళీ అయ్యాయి. 1905లో న్యూయార్కులో లొంబార్డి పేరుతో పిజ్జా అమ్మకం మొదలైందని చెబుతారు. ఇక్కడ ఒక మలుపు ఉంది. నేపుల్స్ నగరంలో పేదవాడు పిజ్జా కొనుక్కునేవాడని చెప్పాను. ఇటలీ పల్లెల్లో మాత్రం వారానికో రెండు వారాలకో ఒకసారి కట్టెల పొయ్యి వేడిచేసి ఇంటిల్లిపాదికీ రొట్టెలు కాల్చుకునేవారు. పొయ్యి కాక చూడడానికి మొదట ఒక పిండి ముద్దను పల్చగా ఒత్తి, మీద నూనె చిలకరించి లోపల పెట్టేవారు. అది పిల్లల వాటా. మన ఇళ్లలో పెనం కాగిందో లేదో చూడడానికి పోసే మొదటి చిన్న అట్టు లాంటిది. పట్నపు వీధి పిజ్జా, పల్లెటూరి రొట్టె ముక్క, రెండూ పరాయిదేశంలో గ్యాసు ఓవెనున్న వంటింట్లో కలుసుకున్నాయి. ఇవాళ మనం 'ఇంట్లో చేసిన పిజ్జా' అంటున్నది నేపుల్స్‌లో పుట్టలేదు. అది వలసవచ్చిన తల్లుల వంటిళ్లలో పుట్టింది.

ఇక మన పడమటి ఆస్ట్రేలియా. ఇక్కడికి ఇటలీవారు రావడం పందొమ్మిదో శతాబ్దంలోనే మొదలైంది. ఫ్రీమాంటిల్ రేవులో సిసిలీలోని కాపో దోర్లాందో నుంచి, అడ్రియాటిక్ తీరపు మొల్ఫెత్తా నుంచి వచ్చిన జాలర్లు స్థిరపడ్డారు. బంగారు గనుల్లోకి కొందరు, అడవుల్లో చెట్లు కొట్టడానికి కొందరు, కూరగాయల తోటలకు కొందరు పోయారు. బతుకు సుఖంగా లేదు. 1934 జనవరి చివర కాల్గూర్లీలో ఒక ఇటాలియన్‌తో గొడవలో స్థానికుడొకడు చనిపోయాడు. దాని మీద మూకలు లేచి రెండు రాత్రులు ఇటాలియన్ల, స్లావుల ఇళ్లూ అంగళ్లూ తగలబెట్టారు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే ఈ రాష్ట్రంలోని ఇటాలియన్ మగవాళ్లను వందల సంఖ్యలో నిర్బంధించారు. కొందరిని రాట్‌నెస్ట్ దీవిలో, తరువాత హార్వే శిబిరంలో ఉంచారు. హార్వేలో ఆ బందీలు తమ చేతులతో కట్టుకున్న చిన్న పూజామందిరం ఇప్పటికీ ఉంది. బన్‌బరీ వైపు వెళ్లేవారు ఓసారి ఆగి చూడండి.

మా పక్కింటి పెద్దావిడ సిసిలీ పల్లె నుంచి 1950లలో తొమ్మిదేళ్ల పిల్లగా ఓడ దిగింది. ఆవిడ మేనమామ అంతకు ముందే వచ్చి హార్వే శిబిరం చవిచూసినవాడు. 1951లో ఇటలీకి, ఆస్ట్రేలియాకు వలస ఒప్పందం కుదిరాక ఆవిడ తండ్రి వచ్చి, స్పియర్‌వుడ్‌లో టొమాటో తోట వేశాడు. 1947లో ఈ దేశంలో ఇటలీలో పుట్టినవారు 33 వేల పైచిలుకు. 1971 నాటికి వారు 2 లక్షల 89 వేలు. ఆవిడ ఆ లెక్కలో ఒకతె. నన్ను 'దొత్తొరెస్సా' అంటుంది, అంటే డాక్టరమ్మా అని. మా పిల్లలకు ఆవిడ 'నోనా', అంటే అమ్మమ్మ.

పులిహోర డబ్బా సంగతి నేను ఆవిడతో చెప్పుకున్నాను. విని నవ్వింది. "మా అమ్మ ఇంట్లో కాల్చిన రొట్టెలో నూనెలో వేయించిన మిరపకాయలు పెట్టి ఇచ్చేది, దొత్తొరెస్సా. వాసనకు పిల్లలు దూరం జరిగేవారు. నేను బడి వెనక చెట్టు చాటుకు పోయి తినేదాన్ని. కొన్నాళ్లకు తినడం మానేసి కాకులకు వేసేదాన్ని. ఇంటికి పోయి తిన్నానని అబద్ధం చెప్పేదాన్ని" అంది. ఆ మాట చెప్పి కాసేపు ఊరుకుంది. ఎనభై ఏళ్ల మనిషికి తొమ్మిదో ఏటి అబద్ధం ఇంకా గుచ్చుకుంటున్నది.

తరువాతి చరిత్ర మీకు తెలిసినదే. 1961లో మెల్‌బోర్న్‌లోని కార్ల్‌టన్‌లో టోటోస్ పిజ్జా హవుస్ తెరిచారు. ఆస్ట్రేలియాలో మొదటి పిజ్జా దుకాణం అదేనని చెప్పుకుంటారు. 1970లో అమెరికా కంపెనీ పిజ్జా హట్ సిడ్నీకి వచ్చింది. అనాసపండు వేసే 'హవాయి' పిజ్జాను 1962లో చేసినవాడు హవాయివాడు కాదు, ఇటలీవాడూ కాదు. కెనడాకు వలసపోయిన సామ్ పనోపులోస్ అనే గ్రీకు దేశస్థుడు! ఇండియాలో డామినోస్, పిజ్జా హట్ రెండూ 1996లోనే అడుగుపెట్టాయి. నేను గుంటూరులో మెడిసిన్ చదివే రోజుల్లో పుట్టినరోజు పార్టీకి పిజ్జా అంటే గొప్ప. కాల్గూర్లీలో తగలబెట్టినవారి వంటను, వారి మనవల తరం వచ్చేసరికి ఊరంతా శుక్రవారం రాత్రి ఫోను చేసి తెప్పించుకుంటున్నది. 2017లో యునెస్కో నేపుల్స్ పిజ్జా పనివాళ్ల విద్యను మానవజాతి వారసత్వంగా గుర్తించింది. మోర్స్ దొరగారు ఉంటే ఏమనేవారో!

ఇక వంటింట్లోకి వద్దాం. చరిత్ర చదివితే సరిపోదు, చేసి చూడాలి గదా.

ఇంటి ఓవెన్‌తో పిజ్జాకు ఉన్న చిక్కు ఒక్కటే, వేడి. నేపుల్స్ కట్టెల పొయ్యి 430 డిగ్రీల పైన మండుతుంది. పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో అయిపోతుంది. అడుగు కరకర, లోపల మెత్తదనం అందువల్ల వస్తాయి. మన ఓవెన్ 250 దాటదు. ఆ వేడిలో ఎక్కువసేపు ఉంచితే నీరంతా ఆవిరై అప్పడమవుతుంది, తక్కువ సేపు ఉంచితే అడుగు పచ్చిగా ఉంటుంది. దీనికి మందు మన పాత వంటలోనే ఉంది. దిబ్బరొట్టెను పూర్వం ఎలా కాల్చేవారో గుర్తుందా? దళసరి గిన్నెలో పిండి పోసి, కింద కుంపటి, మూత మీద నిప్పులు. కింద నుంచి బరువైన లోహపు వేడి, పై నుంచి నిప్పుల సెగ. హైదరాబాదు పురానీ హవేలీ దగ్గర 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణంలో తందూరు గోడకు రొట్టె అంటించడంలోని కిటుకూ అదే. రొట్టె అడుగుకు బాగా కాగిన బరువైన వస్తువు తగలాలి. ఇంట్లో దళసరి ఇనప దోసె పెనం ఉంటే చాలు. చెక్కపిడి లేనిదై ఉండాలి సుమా. దాన్ని ఓవెన్‌లో పై అరలో పెట్టి, 250 డిగ్రీల వద్ద 45 నిమిషాల నుంచి గంట దాకా కాగనివ్వండి. పిజ్జాను దాని మీదికి జార్చి, ఆరేడు నిమిషాలయ్యాక పై గ్రిల్ వెలిగించి ఒకటి రెండు నిమిషాలు ఉంచండి. కింద కుంపటి, పైన నిప్పులు. పొగ గంట మోగితే కంగారు పడకండి, మా ఇంట్లో రెండుసార్లు మోగింది.

పిండి కొలతలు ఇవి. బ్రెడ్డుకు వాడే గట్టి గోధుమ పిండి 500 గ్రాములు. మామూలు మైదాలో మాంసకృత్తులు తక్కువ, సాగదు. దుకాణంలో 'బేకర్స్' అని రాసి ఉన్న పొట్లం తీసుకోండి. నీళ్లు 325 గ్రాములు, ఉప్పు 10 గ్రాములు, పొడి ఈస్టు 2 గ్రాములు, అంటే అర టీస్పూను మీద చిటికెడు. ఆలివ్ నూనె 10 గ్రాములు. నేపుల్స్ పద్ధతిలో పిండిలో నూనె వేయరు, ఇంటి ఓవెన్‌లో రొట్టె ఎండిపోకుండా మనం వేసుకుంటాం. అన్నీ కలిపి, పావుగంట ఊరుకుని, తరువాత పది నిమిషాలు పిసకండి. పూరీ పిండిలా గట్టిగా ఉండకూడదు, బొబ్బట్ల పైపిండిలా చేతికి సాగాలి. బొబ్బట్లు చేయడం వచ్చిన చేతికి పిజ్జా సగం వచ్చినట్టే. మూత పెట్టి ఫ్రిజ్‌లో ఒక రోజంతా ఉంచండి. మర్నాడు మూడు ఉండలు చేసి, గంట రెండు గంటలు బయట ఉంచాక చేత్తోనే ఒత్తండి. అప్పడాల కర్ర వాడితే లోపలి గాలి పోతుంది. ఫిబ్రవరి నెల పెర్త్ ఎండల్లో గంట కూడా అక్కర్లేదు. దోసెల పిండి వేసవిలో ఎంత త్వరగా పులుస్తుందో మీకు వేరే చెప్పాలా?

పైకి డబ్బా టొమాటోలు చేత్తో నలిపి ఉప్పు వేస్తే చాలు, ఉడికించక్కర్లేదు. తాజా మొజరెల్లా నీళ్లు ఊరుతుంది, ముందే ముక్కలు చేసి జల్లెడలో వార్చండి. శాకాహారులు ఒక సంగతి గమనించాలి. పాలను విరిచే రెన్నెట్ పూర్వం దూడ పొట్ట నుంచి తీసేవారు. ఇప్పుడు చాలా చీజ్‌లకు జంతువుల నుంచి తీయని రెన్నెట్ వాడుతున్నారు, పొట్లం మీద చదివి కొనండి. ఇటలీలో తయారై వచ్చే అసలైన పార్మెజాన్ మాత్రం ఎప్పుడూ దూడ రెన్నెట్‌తోనే. ఇక నా వద్దకు వచ్చే మనవారు అడిగే ప్రశ్న, "డాక్టరుగారూ, షుగరుంది, తినవచ్చునా?" అని. ఇంట్లో చేసినంత మాత్రాన మైదా మందు కాదు. రెండు ముక్కలు, పక్కన గిన్నెడు కాయగూరలు, భోజనం తరువాత నడక. అంతకు మించి నన్ను అడగకండి.

కావలసిన టొమాటోలు, వంకాయలు, తులసిలాంటి ఆ ఆకు కోసం మనకు దూరం పోనక్కర్లేదు. 1929లో వెస్ట్ పెర్త్‌లో మొదలైన రాష్ట్రపు టోకు కూరగాయల మార్కెట్టు 1989లో మన కానింగ్ వేల్‌కే మారింది. ఈ రాష్ట్రపు తోటలలో రెండు మూడు తరాలుగా ఇటాలియన్ కుటుంబాల చెమట ఉంది. స్పియర్‌వుడ్, ఆస్బోర్న్ పార్క్, వానెరూ అన్నీ అలాంటి తోటల ఊళ్లే. మన గోంగూరకూ, ఆనపకాయకూ వెతికే కళ్లతో ఆ బుట్టల మీద ఒకసారి చూపు నిలపండి.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వస్తాను. పిజ్జా మనది కాదన్నారు. నిజమే. అది మొదట ఇటలీలో పెద్దమనుషులకు కూడా 'మనది' కాదు. పేదలది, తరువాత వలసవాళ్లది. వలసవాళ్లది కాబట్టి మనకు దగ్గర చుట్టమే. పండగ నాడు పిల్లలు తింటే ఉగాదికి కొరత రాదు. పచ్చడి మాత్రం ముందు తినిపించాలి!

చిన్నవాడి ప్రశ్నకు జవాబు ఇంత తేలిక కాదు. "నేటి ఎగతాళి రేపటి విందు, ఓపిక పట్టు" అని వాడికి చెప్పి ఊరుకోవచ్చు. పిజ్జా కథ అదే చెబుతున్నట్టుంది గదా. ఆ మాటే ఒకనాడు సంతోషంగా పక్కింటావిడతో అన్నాను. "చివరికి మీరే గెలిచారు" అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"ఏం గెలిచాం, దొత్తొరెస్సా? నేను సిగ్గుపడి అమ్మ రొట్టె కాకులకు వేశాను. అమ్మ భాషలో అమ్మకు జవాబు చెప్పడం కూడా అప్పుడే మానేశాను. మా పిల్లలకు ఇటాలియన్ రాదు, మా ఊరి సిసిలీ మాట అసలే రాదు. మనవలు పిజ్జా ఫోనులో తెప్పిస్తారు. ఎలా చేస్తావని నన్ను అడిగింది నువ్వే" అంది.

తరువాత తన వంటింట్లోంచి ఒక గాజు సీసా తెచ్చింది. అందులో బుడగలు వేస్తున్న పులిసిన పిండి. కొత్త పిండిని పులియబెట్టడానికి దాచుకునే పాత పిండి ముద్ద. వాళ్ల ఊళ్లో దాన్ని 'క్రిషెంతి' అంటారట, అంటే పెరిగేది అని. వాళ్ల అమ్మ వాడిన మాట. ఆ మాట అనడానికి ఇంట్లో ఇప్పుడు ఎదుటి మనిషి లేడు. అందులోంచి ఒక గరిటెడు నాకు పెట్టింది.

ఇంటికి వచ్చి మావాడికి చూపించి, "ఇది పిజ్జాకు తోడు రా" అన్నాను. "తోడు అంటే?" అన్నాడు. పాలు కాచి తోడు పెట్టే ఇంట్లో ఎనిమిదేళ్లుగా పెరుగు తింటున్నవాడికి ఆ మాట తెలియదు. నేనే ఎప్పుడూ వాడి ముందు అనలేదు. ఆ రాత్రి డ్యూటీ లేదు. వాడి చేత పాలు కాయించి, గోరువెచ్చగా అయ్యాక చెంచాడు పెరుగు వేయించి, ఇదిగో దీన్నే తోడు అంటారని చెప్పాను. ఒంటరిగా ఉండే పాలకు తోడు. పక్కన పిజ్జా పిండి సీసా. రెండూ మర్నాటి పొద్దుటికి సిద్ధంగా ఉన్నాయి.

అప్పటి నుంచి మా ఇంట్లో శుక్రవారం సాయంత్రం పిజ్జా పిండి మావాడే కలుపుతాడు. కొలతలు తెలుగులో చెప్పాలన్నది మా ఒప్పందం. ఆదివారం పులిహోర కలిపే పని కూడా వాడిదే. తన చేత్తో చేసినదాన్ని దాచుకోవడం మనిషికి కష్టం. క్రిందటి నెల పులిహోర డబ్బా మళ్లీ బడికి వెళ్లింది. ఖాళీగా వచ్చింది. ఎవరు తిన్నారో నేను అడగలేదు. ఇంకో డబ్బా కావాలని మాత్రం వాడు అడిగాడు.

పాఠకులకు ఒక మనవి. మీ ఇళ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు వచ్చి ఉంటే, వారు వీసా గడువు తీరి వెళ్లేలోపు ఒక్క వంటనైనా పిల్లల చేత, పిల్లల చేతులతో, ఆ వంట మాటలతో సహా చేయించండి. ఇంటి ఓవెన్ ఏ రొట్టెనైనా కాలుస్తుంది. దానికి పెట్టే తోడు మాత్రం మనమే ఇవ్వాలి.